తాయ్ చీ సాధనలో పాదం తిప్పేటప్పుడు మోకాలి నొప్పి: తప్పు ఎక్కడ జరుగుతోంది?

నెమ్మదైన కదలికలతో సాగే చైనా యుద్ధకళ తాయ్ చీలో, యాంగ్ అనే శైలికి చెందిన 24 భంగిమల వరుసను మూడు నెలలుగా నేర్చుకుంటున్నాను. 1956లో చైనాలో సరళీకరించి రూపొందించిన ఈ వరుసలో చేతుల కదలికలు నాకు చాలావరకు పట్టుబడ్డాయి గానీ, బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చే చోటే చిక్కు వస్తోంది. ముఖ్యంగా అడవి గుర్రం జూలును పాయలుగా విడదీసే భంగిమలో, ముందున్న పాదాన్ని బయటికి తిప్పి దానిపై నిలబడేటప్పుడు, కుడి మోకాలి లోపలి వైపు సన్నగా నొప్పి పుడుతోంది. మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు పోకూడదనీ, పాదం ఏ దిక్కుకు ఉంటే అదీ ఆ దిక్కుకే ఉండాలనీ తెలుసు. కదలకుండా నిలబడితే అద్దంలో అంతా సరిగానే కనిపిస్తుంది, కదలిక మొదలైతే మాత్రం తుంటి తిరగక ముందే మోకాలు మెలిపడుతోందని నా అనుమానం. (నెమ్మదిగా చేసేది కదా, తేలికే అనుకున్నాను; ఆ భ్రమ మొదటి వారంలోనే తీరింది.) వైద్యులకు చూపించగా, కీలుకు దెబ్బేమీ లేదన్నారు.

అనుభవజ్ఞులను అడగదలచినది ఇది: పాదం తిప్పే ముందు బరువును పూర్తిగా వెనుక కాలికి మార్చుకోవాలా, లేక కొంత బరువు ఉండగానే మడమ మీద తిప్పవచ్చా? మోకాళ్లను తక్కువగా వంచి, కాస్త ఎత్తులోనే ఉండి చేస్తే సాధనకు లోటు వస్తుందా? నొప్పి ఉన్న రోజుల్లో వరుసను పక్కన పెట్టి, బరువు మార్చే అభ్యాసమొక్కటే చేయడం మంచిదా?