కార్-టీ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? (కర్నూలు)

తుంగభద్ర తీరం:
తమ్ముడికి 19 ఏళ్లు, బి-సెల్ ఏఎల్ఎల్ (ఒక రకం రక్తక్యాన్సర్). కీమో అయ్యాక తిరగబెట్టింది. హైదరాబాద్‌లో కార్-టీ గురించి ఆలోచించమన్నారు. వాడి టీ కణాలకు (రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలు) క్యాన్సర్‌ను పట్టుకునే జన్యువు చేర్చి మళ్లీ ఎక్కిస్తారని తెలుసు. లోపలికి పోయాక అవి అదుపు తప్పితే ఆపే దారి ఉందా? వాడి కణాలు సరిపోకపోతే నావి ఇవ్వొచ్చా? ఆరోగ్యశ్రీలో ఏమైనా వస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జమ్మలమడుగు అక్క:
మా అమ్మకు లింఫోమాకు (లింఫు గ్రంథుల క్యాన్సర్) చేయించాం. ఇప్పుడు స్కాన్ క్లీన్. కణాలు ఎక్కించడం చిన్న సంచి, కాసేపట్లో అయిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే. జ్వరం, బీపీ పడిపోవడం. టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చాక దిగింది. మెదడు మీద ప్రభావం పడిందేమో చూడటానికి నర్సు రోజూ ఒకే వాక్యం రాయించేది: "మాది జమ్మలమడుగు, గండికోట పక్కన." ఒక పొద్దున "గండి" దగ్గర పెన్ను ఆగింది, ఆపైన అన్నీ గీతలు. మాటలో మాకు తేడా తెలియలేదు, కాగితం మీద తెలిసింది. వెంటనే స్టెరాయిడ్ పెట్టారు, అక్షరాలు తిరిగొచ్చాయి. తమ్ముడి పక్కన వాడి మాటతీరు తెలిసినవాళ్లే ఉండండి.

అనంత గళం:
అక్కా, జన్యువు చేర్చేది ఏ వైరస్‌తోనో మీకు చెప్పారా? లెంటీవైరస్, హెచ్ఐవీ నుంచి చేసింది. మా బాబాయికి కార్-టీ అయ్యాక వేరేచోట రక్తపరీక్షలో హెచ్ఐవీ పాజిటివ్ అని రాసిచ్చారు. పిన్ని ఎంత ఏడ్చిందో మాకు తెలుసు. కన్సెంట్ ఫారం మొత్తం ఇంగ్లీషులో ఉంటే మాకేం అర్థమవుతుంది?

గుత్తి వెక్టర్:
నేను బెంగళూరులో ఈ వెక్టర్లు (జన్యువును మోసుకెళ్లే వైరస్‌లు) తయారుచేసే ల్యాబ్‌లోనే పనిచేస్తా, కాబట్టి తెలిసే చెప్తున్నా. ఆ వైరస్‌లో పిల్లలు పెట్టే జన్యువులు తీసేస్తారు. జన్యువును కణంలోకి మోసుకెళ్లడం తప్ప దానికి ఇంకేం చేతకాదు. మీ బాబాయికి చేసింది వైరస్ జన్యువును వెతికే పరీక్ష అయ్యుంటుంది, దాంట్లో తప్పుడు పాజిటివ్ రావచ్చు. యాంటీబాడీ పరీక్ష అడగాల్సింది.

అనంత గళం:
అడగాల్సింది అంటున్నావే, ఎవరు చెప్పారప్పా మాకు అడగమని? 2024 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కార్-టీ మందులన్నిటికీ టీ-సెల్ క్యాన్సర్ రావచ్చని బాక్స్ కట్టి హెచ్చరిక రాయమంది కదా. అదీ నువ్వే చెప్పు.

గుత్తి వెక్టర్:
రాయమంది, నిజమే. పారిస్‌లో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు జన్యుచికిత్స చేస్తే, చేర్చిన జన్యువు, క్యాన్సర్‌కు దారితీయగల ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన పడి కొందరికి లుకేమియా వచ్చింది. 2002 నుంచి ఆ దెబ్బ మర్చిపోయిన ల్యాబ్ లేదు. వెక్టర్లను మార్చింది అందుకే. కార్-టీ తర్వాత అలాంటి క్యాన్సర్ చాలా అరుదు. తిరగబెట్టిన లుకేమియా మాత్రం ఇప్పుడే ప్రాణం మీదకొచ్చి కూర్చుంది. రెండూ ఒకే తక్కెడలో పెట్టి జనాన్ని భయపెట్టొద్దు.

అనంత గళం:
భయపెట్టడం కాదు, తెలుగులో చెప్పమంటున్నా. ల్యాబ్‌లో కూర్చుని మాట్లాడటం తేలిక.

ప్రొద్దుటూరు నాన్న:
ఎంతసేపూ క్యాన్సరేనా? మా పాపకు తలసీమియా. నెల నెలా రక్తం, ఐరన్ దించే మాత్రలు. రక్తకణాల్లో బీసీఎల్11ఏ జన్యువును క్రిస్పర్‌తో (జన్యువులను కత్తిరించే పద్ధతి) కట్ చేస్తే పుట్టకముందు ఉండే హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుందని చదివా. 2023లో బ్రిటన్ అనుమతిచ్చింది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు! వేలూరు సీఎంసీలో హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి సొంత మూలకణాల్లోనే జన్యువు పెట్టారు. మా పిల్లలకెప్పుడు?

ఓర్వకల్లు:
ధర సంగతి వచ్చింది కాబట్టి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన నెక్స్‌కార్19 అనే కార్-టీని 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ముర్ము విడుదల చేశారు. విదేశాల్లో 3, 4 కోట్లయ్యేది ఇక్కడ సుమారు 40 లక్షలు. మనవాళ్లు చేశారని గర్వంగా ఉంది. కానీ 40 లక్షలంటే మా ఊళ్లో పొలం మొత్తం అమ్మాలి.

గుత్తి వెక్టర్:
ధర ఒక్కటే కాదు. దాంట్లో సీడీ19ని (బి కణాల మీదుండే గుర్తు) పట్టుకునే ముక్కను ఎలుకది కాకుండా మనిషి ప్రోటీన్‌కు దగ్గరగా మలిచారు. తీవ్రమైన సైటోకైన్ గొడవ, అంటే అక్క వాళ్లమ్మకు వచ్చినట్టు జ్వరం, బీపీ పడిపోవడం, తక్కువగా కనిపించింది.

జమ్మలమడుగు అక్క:
ఆ అబ్బాయి అడిగింది వదిలేసి తలా ఒక దిక్కు పోతున్నారు! ఆపే దారి ఉందా, అన్న కణాలు పనికొస్తాయా? ముందు అది చెప్పండి.

గుత్తి వెక్టర్:
సరే అక్కా. ఆపే స్విచ్ ఉంది, ఐక్యాస్ప్9 అంటారు. ఒక మందిస్తే ఆ కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. అయితే ఎక్కువగా ట్రయల్స్‌లోనే వాడారు. ఇప్పుడు చేతిలో ఉన్న ఆయుధాలు అమ్మగారికి ఇచ్చిన టోసిలిజుమాబ్, స్టెరాయిడ్లే. వేరేవాళ్ల కణాలైతే అవి రోగి ఒంటి మీదే తిరగబడతాయి. అందుకే టీసీఆర్ జన్యువును (టీ కణం పరాయిదాన్ని గుర్తుపట్టేది దీంతోనే) తీసేయాలి. 2022లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రిలో 13 ఏళ్ల అలీసాకు దాత కణాలను బేస్ ఎడిటింగ్‌తో (జన్యువులో ఒక్కో అక్షరాన్ని మార్చే పద్ధతి) మార్చి ఇచ్చారు. అది ట్రయల్, తనది టీ-సెల్ లుకేమియా. తమ్ముడికి మాత్రం వాడి కణాలే. ఇంకో కీమో పెట్టేలోపే కణాల సేకరణ ఎప్పుడో డాక్టర్‌ను అడుగు. కీమో పడితే టీ కణాలు తగ్గుతాయి.

తుంగభద్ర తీరం:
సోమవారం కొత్త కీమో మొదలుపెడతామన్నారన్నా. పొద్దున్నే ఫోన్ చేస్తా.

జమ్మలమడుగు అక్క:
చెయ్ నాయనా. ఆస్పత్రి దగ్గర్లో నెలకు గది కూడా ఇప్పుడే చూసుకో, ఎక్కించాక వెంటనే కర్నూలు పంపరు. వంటకు వీలున్నది చూడు. వాడికి బయటి తిండి వద్దంటారు.