మొగిలి ఘాట్‌లో బండి ఆగిపోయింది: బెంగళూరులో నాలుగు లక్షల్లో నమ్మకమైన సెకండ్ హ్యాండ్ కారు ఏది?

పీలేరు టు మారతహళ్లి

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం ఊరి నుంచి తిరిగి వస్తూ, చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కుతుంటే మా బండి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. పక్కకు తీసేలోపే బానెట్ కిందినుంచి ఆవిరి. రాత్రి ఏడున్నర, పక్కనే లారీలు పోతున్నాయి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమెను రెండు గంటలు రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి నుంచి ఆ బండి ఎక్కాలంటేనే భయంగా ఉంది.

హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ కూడా వంగిందట. మెకానిక్ 62 వేలు అంటున్నాడు. బండి 2011 మోడల్, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. బాగుచేయించినా 90 వేలకు మించి ఎవరూ అడగడం లేదు. అందుకే మార్చేద్దామని నిర్ణయించుకున్నాం.

పెట్రోల్ బండి, ట్రాన్స్‌ఫర్ ఖర్చులతో కలిపి నాలుగు లక్షలు. రోజూ వైట్‌ఫీల్డ్‌కు పోయి రావాలి, నెలకోసారి ఊరు. వ్యాగనార్, స్విఫ్ట్, గ్రాండ్ ఐ10, టియాగో అనుకుంటున్నాం. మీ మీ అనుభవాలు చెప్పండి.

బొమ్మనహళ్లి షెడ్డు

అక్కా, 19 ఏళ్లుగా ఇదే పని నాది. మీరు రాసిన నాలుగింట్లో ఏదీ చెడ్డ బండి కాదు. మోడల్ పేరు పక్కన పెట్టి ముందు ఆ ఒక్క బండి ఎలా బతికిందో చూడండి. ఒకే ఏడాది, ఒకే మోడల్ బండ్లు రెండు నా షెడ్డుకు వస్తాయి. ఒకటి కొత్తదానిలా ఉంటుంది, ఇంకొకటి ఇంజన్ అరిగిపోయి బోర్‌కొచ్చి ఉంటుంది. ఆయిల్ సమయానికి మార్చారా లేదా అన్నదే తేడా.

చూడటానికి పొద్దున్నే పోండి. ముందురోజే ఓనర్‌కు చెప్పండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీకంటే ముందే స్టార్ట్ చేశారని అర్థం, ఇంకోరోజు రమ్మన్నా రానని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే దాని రోగం బయటపడుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. చలి పొద్దున కాస్త తెల్లటి ఆవిరి మామూలే, అది బండి వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఇంజన్ లోపలికి పోతోంది.

మీకు జరిగింది మళ్లీ జరగకూడదు కాబట్టి ఇంకో మాట. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలు కలిపిన కాఫీ రంగు మీగడలా అంటుకుని ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టు. తర్వాత రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి, బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానమే. వేడి ఇంజన్ మీద ఆ మూత మాత్రం ముట్టుకోవద్దు, ముఖం కాలిపోతుంది.

కోయంబేడు నుంచి కోరమంగళ

నేను చెన్నైలో దెబ్బతిన్నవాణ్ణి. 2015 డిసెంబర్ వరదల తర్వాత ఏడాదికి ఒక హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. పైనుంచి తళతళలాడింది. ఆరు నెలలకు పవర్ విండోలు, ఆ తర్వాత ఏసీ బ్లోయర్, చివరికి వైరింగ్ మొత్తం. 80 వేలు పోశాక అమ్మేశాను.

బెంగళూరులో కూడా 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, అవుటర్ రింగ్ రోడ్డు వైపు బేస్‌మెంట్లలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. అవన్నీ తుక్కులోకి పోలేదు. అందుకే ఇప్పుడు ఎవరికి బండి చూడటానికి పోయినా ముందు డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగుతాను. పైభాగం శుభ్రంగా ఉండి చివరి జానెడు మట్టిరంగులో ఉంటే అది మునిగిన బండే. బెల్టు చుట్టలో లోపలికంటా ఎవరూ కడగరు. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి గుంటలో వేలు పెట్టి చూడండి, సన్నటి ఒండ్రు తగులుతుందేమో. సీటు కింది పట్టాల బోల్టులకు తుప్పు ఉంటే అక్కడితో మాట ఆపేయండి.

కేఏ 53

అక్కా, ఒక్క మాట. ఏపీ నంబర్ బండి చవగ్గా దొరుకుతుందని ఊర్లో కొనొద్దు. నేను అనంతపురంలో 40 వేలు తక్కువకు కొని సంతోషపడ్డాను. ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే. దానికి ఫారం 28తో ఎన్‌ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్. నాకు ట్యాక్సే 45 వేలు దాటింది, ఎన్‌ఓసీ కోసం రెండుసార్లు సెలవు పెట్టి తిరిగాను. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగానికి రీఫండ్ అడగొచ్చు, దానికీ కాగితాలు, ఓపిక కావాలి. మీరు ఉండేది ఇక్కడే కాబట్టి కేఏ (కర్ణాటక) నంబర్ బండే చూడండి.

ఇద్దరు పిల్లల నాన్న

ఎవరూ భద్రత మాట ఎత్తలేదేంటి? ఘాట్ రోడ్డు మీద పిల్లలతో, పెద్దవాళ్లతో పోయేవాళ్లకు అదే ముందు. కార్లను గుద్ది చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో టియాగోకు 2020లో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. వ్యాగనార్‌కు 2019లో రెండు, 2023లో ఒకటే. నేను 2020 టియాగో వాడుతున్నాను, మూడేళ్లలో రోడ్డు మీద ఆగింది లేదు. తలుపు వేసినప్పుడు ఆ శబ్దంలోనే బరువు తెలుస్తుంది.

పీలేరు టు మారతహళ్లి

అన్నా, మీరు చెప్పింది నిజం. నిన్న మా పక్కింటివాళ్ల టియాగోలో అమ్మను కూర్చోబెట్టి చూశాను. కూర్చోవడం బాగానే కూర్చుంది, లేవడానికి మాత్రం నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. వ్యాగనార్‌లో సీటు ఎత్తుగా ఉంది, కుర్చీలోంచి లేచినట్టు తనే దిగింది. రెండు రోజులుగా ఇదే ఆలోచన నాకు. కనీసం రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేనిది మాత్రం చూడను.

బొమ్మనహళ్లి షెడ్డు

అయితే 2019 తర్వాతి వ్యాగనార్‌లో 1.2 ఇంజన్ ఉన్నది చూడండి. 1.0 సిటీకి సరిపోతుంది కానీ ఐదుగురితో, ఏసీతో ఘాట్ ఎక్కేటప్పుడు 1.2 సుఖం. డిక్కీ కూడా పెద్దది, 341 లీటర్లు. మీ ఊరి మామిడికాయల బస్తాలకు చోటుంటుంది.

మీటర్ తిప్పారేమో చూసుకోండి. 30 వేలే తిరిగిందని చెప్పి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉంటే నమ్మొద్దు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది. 2021 బండికి 25 వేల కిలోమీటర్లకే నాలుగు టైర్లూ కొత్తవి వేశారంటే ఎందుకని అడగండి. ఓనర్‌ను వెంట పెట్టుకుని షోరూం సర్వీసుకు పోతే రిజిస్ట్రేషన్ నంబర్‌తో పాత సర్వీసులు, అప్పటి కిలోమీటర్లు చూపిస్తారు. అంతకు మించిన సాక్ష్యం లేదు.

రాజాజీనగర్ రెండో క్రాస్

బండి చూడకముందే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వొద్దు. "ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు" అంటే పది వేలు పంపాను, అవి తిరిగి రాలేదు. లోన్ ఉన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (లోన్ తీరిందని ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే కాగితం) చేతికొచ్చాకే పూర్తి డబ్బు. ఓనర్ పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీ ఎదురుగా సంతకం పెట్టించుకోండి. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చలాన్లు కూడా చూడండి. నేను తర్వాత కొన్న బండి మీద 11 చలాన్లు ఉంటే పాత ఓనర్ చేతే కట్టించాను.

పీలేరు టు మారతహళ్లి

అందరికీ చెప్పాలి కదా, అందుకే వచ్చాను. మూడు బండ్లు చూశాం.

మొదటిది హెచ్‌ఎస్‌ఆర్‌లో స్విఫ్ట్. ఏడింటికి పోయేసరికి బానెట్ వెచ్చగా ఉంది. ఇప్పుడే పాలకు పోయొచ్చాను అన్నాడు. అక్కడినుంచే తిరిగొచ్చేశాం.

రెండోది గ్రాండ్ ఐ10, చాలా నచ్చింది. సీటు బెల్టు లాగితే చివర్లో గోధుమరంగు గీత. మా ఆయన కాఫీ పడిందేమో అన్నాడు. స్టెప్నీ తీశాక ఆయనే మాట్లాడలేదు. కోయంబేడు అన్నా, మీరు రాయకపోతే ఆ రోజే డబ్బు ఇచ్చేసేవాళ్లం. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మూడోది జయనగర్‌లో 2019 వ్యాగనార్ 1.2, ఒకే ఓనర్, 47 వేల కిలోమీటర్లు. ఆయన రిటైరయ్యారు, సర్వీసు బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్‌లో తేదీల వరుసలో పెట్టుకున్నారు. ఎడమ పక్క డోర్‌కు పెయింట్ వేయించానని అడక్కముందే చెప్పారు. 4,20,000 అన్నారు, 3,82,000కు కుదిరింది. ట్రాన్స్‌ఫర్ కాగితాలు నిన్న ఇచ్చాం. ఇన్సూరెన్స్ ఇంకా ఆయన పేరు మీదే ఉంది, దాని సంగతి ఎవరైనా చెబుతారా?

కేఏ 53

కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి మీ పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టండి అక్కా. లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ రాదు. ఆయన నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాలి.

బొమ్మనహళ్లి షెడ్డు

మంచి బండి కొన్నారు. ఊరికి పోయేముందు ఒకసారి కూలెంట్ మార్పించండి, ట్యాంకులో మామూలు నీళ్లు పోయనివ్వొద్దు. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పనిచేస్తోందా, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా చూడమనండి. శనివారం పొద్దున తీసుకొస్తే నేనే చూసి పంపిస్తాను.

పీలేరు టు మారతహళ్లి

శనివారం ఎనిమిదింటికి వస్తాం అన్నా. అమ్మ కూడా వస్తానంటోంది.