అప్‌డేట్: కరీబియన్ కథల్లో తిక్క పిల్లాడు ఎవరని అడిగాను కదా

మా పాపకి చెప్పడానికి కరీబియన్ కథల్లో అమాయకంగా తిక్కపనులు చేసే క్యారెక్టర్ కావాలని అడిగాను కదా, చాలామంది అనాన్సీ అన్నారు, కానీ ఆ సాలీడు మహా జిత్తులమారి, నాకు కావాల్సింది ప్యూర్టోరికో హువాన్ బోబో. వాళ్ళమ్మ చర్చికెళ్తే పందికి ఆవిడ బట్టలు, నగలు తొడిగి దాన్నీ పంపించేస్తాడు! ఇంకోదాంట్లో మూడు కాళ్ళ కుండ మోసుకొస్తూ, రెండు కాళ్ళున్న నేనే నడుస్తుంటే దీనికేం రోగమని దారిలో దింపేసి నడిచి రమ్మంటాడు. అచ్చం మన పరమానందయ్య శిష్యుడే. 1915 ప్రాంతంలో జాన్ ఆల్డెన్ మేసన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త అక్కడ ఇలాంటి కథలు బోలెడు సేకరించాడు, వాటిలో బడిపిల్లలు రాసిచ్చినవీ ఉన్నాయి, అది నాకు భలే నచ్చింది. ఇవాళ బుట్టల్లో నీళ్ళు మోసిన కథ చెప్తున్నా, స్పానిష్ వచ్చినవాళ్ళు ఇంకేమైనా తెలిస్తే పెట్టండి.