పచ్చళ్ల డబ్బాలకు ఏ సీలింగ్ మెషిన్ కుదురుతుంది?

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఇంటి పచ్చళ్ల వ్యాపారం. ఇప్పటిదాకా చేత్తోనే నింపి, మూత బిగించి, టేపు చుట్టి పంపుతున్నాం. కొరియర్‌లో డబ్బా పక్కకి ఒరిగితే చాలు, నూనె మూత మరల్లోంచి పాకి లేబుల్ దాకా వచ్చేస్తోంది. అందుకే మూత లోపలి ఫాయిల్‌ని వేడితో డబ్బా అంచుకి అతికించే ఇండక్షన్ సీలింగ్ మెషిన్ కొందామనుకుంటున్నాం.

అరకిలోకి పెట్ (PET) డబ్బా, కిలోకి పీపీ (పాలీప్రొపిలీన్) డబ్బా వాడుతున్నాం, రెండూ ప్లాస్టిక్ రకాలే. పెట్‌కి అతుక్కునే ఫాయిల్ వాడ్ (మూత లోపల పెట్టే బిళ్ల) పీపీకి పట్టదని తెలుసు. మరి వాడ్ మార్చుకుంటూ ఒకే మెషిన్ మీద రెండూ నడపొచ్చా? మూత సైజు మారితే హెడ్ (మెషిన్‌లో మూత మీదికి వచ్చే భాగం) కూడా మార్చాలా? అంచుకి నూనె, ఆవపిండి అంటితే సీల్ నిలవదు కదా, మీరెలా తుడుస్తున్నారు?

ఇంకోటి, నింపే మెషిన్. గోంగూర, అల్లం పచ్చళ్లకి పిస్టన్ ఫిల్లర్ (పచ్చడిని పిస్టన్‌తో తోసి నాజిల్‌లోంచి నింపేది) సరిపోతుందంటున్నారు. టెంకతో ఉన్న ఆవకాయ ముక్క నాజిల్‌లో ఇరుక్కోదా? ముక్కలు చేత్తో వేసి, ఊట మాత్రం మెషిన్‌తో పోసేవాళ్లున్నారా? టొమాటో పచ్చడి వేడి మీద నింపితే పెట్ మెత్తబడి సొట్టపోతుంది, కాబట్టి దానికి పీపీయే, అందులో సందేహం లేదు.

సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. అమ్మేవాళ్ల మాటలు చాలా విన్నాం, వాడుతున్నవాళ్లు చెబితే బాగుంటుంది.