తెలుగు సబ్‌టైటిల్స్‌తో మానవ హక్కుల డాక్యుమెంటరీలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్తే అండీ, మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకెళ్తే సవర కూడా వినిపించే ఊరు. డిసెంబర్ 10 మానవ హక్కుల దినోత్సవానికి మా వీధి ఆడవాళ్లకి రెండు మూడు మంచి డాక్యుమెంటరీలు చూపించాలని ఉంది, ప్రాగ్‌లో 1999లో మొదలైన వన్ వరల్డ్ లాంటి ఫెస్టివల్స్‌లో అవార్డులొచ్చినవైతే మరీ మంచిది.

పోయిన నెల ఇంట్లో 'రైటింగ్ విత్ ఫైర్' చూశాం, ఉత్తరప్రదేశ్ దళిత మహిళా విలేకరుల గురించి, 2021 సన్‌డాన్స్ సినిమా ఫెస్టివల్‌లో ప్రేక్షకుల అవార్డు వచ్చింది. మాటలు హిందీ, కింద ఇంగ్లీషు. మా అత్తమ్మ రెండు నిమిషాలకోసారి "ఏమంటోందే?" అని నా మోచెయ్యి పట్టుకుని లాగడం, నేను చెప్పేలోపు సీన్ వెళ్లిపోవడం. కానీ ఆ విలేకరులు స్మార్ట్‌ఫోన్ వాడడం నేర్చుకునే చోట మాత్రం ఏమీ అడగలేదు, కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది.

2013లో 12 గ్రామసభలు గనుల తవ్వకం వద్దని తేల్చి చెప్పిన నియమగిరి కొండలు మా జిల్లాకి, పక్క జిల్లా కలహండికి మధ్యే ఉన్నాయి, అందుకే భూమి, అడవి మీద తీసినవి ఇక్కడివాళ్లకి బాగా తగులుతాయి.

తెలుగు లేదా ఒడియా సబ్‌టైటిల్స్‌తో గంటలోపు ఉన్నవి ఏమైనా తెలుసా? పదిమందికి చూపించడానికి అనుమతి దర్శకుల్నే అడగాలా, డిస్ట్రిబ్యూటర్‌నా? వాళ్లు ఒప్పుకుంటే తెలుగు సబ్‌టైటిల్స్ నేనూ మా చెల్లీ కూర్చుని రాసిపెడతాం. ఇలా చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.