పదో తరగతి అబ్బాయికి మెంటర్‌ని, వాడు రావడం మానేశాడు. ఏం చేయను?

బెంగళూరులో మెంటర్‌గా చేసిన తెలుగువాళ్లెవరైనా సలహా ఇస్తారా? నేను ఇంజనీరింగ్ మూడో ఏడాది. మారతహళ్లి దగ్గర ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఒక పదో తరగతి అబ్బాయికి మెంటర్‌గా వెళ్తున్నాను. వాళ్లది అనంతపురం వైపు, నాన్న ఇక్కడ సెంట్రింగ్ పని చేస్తాడు. పిల్లాడికి ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. లెక్కలు చకచకా చేస్తాడు. ఇంగ్లీషు పుస్తకం తీస్తే మాత్రం ఎక్కడలేని దాహం వేస్తుంది వాడికి.

మొన్న ఉన్నట్టుండి, "అన్నా, ఎస్సెస్సెల్సీ అయ్యాక నాన్నతో పనికి పోతా" అన్నాడు. నేను వెంటనే పీయూసీ (ఇక్కడి ఇంటర్), సీఈటీ (ఇక్కడి ఎంట్రన్స్), ఇంజనీరింగ్ అంటూ పెద్ద లెక్చర్ దంచాను. తల ఊపాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

తప్పు నాదే. నేను నడిచిన దారే వాడికీ చూపించాను. వాడికేమో త్వరగా నాలుగు డబ్బులు చేతికి రావాలి. అలాంటప్పుడు రెండేళ్ల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు గానీ, మూడేళ్ల డిప్లొమా గానీ నయం కదా? డిప్లొమా అయ్యాక, డిప్లొమా వాళ్లకి ఇక్కడ పెట్టే డీసెట్ అనే ఎంట్రన్స్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు కూడా. ఈ ముక్క ముందే చెప్పాల్సింది.

ఇప్పుడు వాళ్లింటికెళ్లి నాన్నతో మాట్లాడనా, వాడే వచ్చేదాకా ఆగనా? వెళ్తే చాడీలు చెప్పడానికి వచ్చాననుకుంటాడని టెన్షన్. ఇంకోటి, ఫీజు నేను కడతానని నోటిదాకా వచ్చి ఆగింది. అలాంటి మాట ఇవ్వొచ్చా? ఇలాంటి ఇళ్లలోంచి వచ్చి చదువుకున్నవాళ్లు కాస్త చెప్పండి. మార్చిలో పరీక్షలు.