సేఫ్టీ వాల్వుకు డమ్మీ బిగించాను: గీజరు పని ఇంటివాళ్ళు చేసుకోవచ్చా?

రాయగడ టీచరు:
మా ఇంట్లో ఉన్నది 25 లీటర్ల, 2000 వాట్ల గీజరు. దీపావళి తరువాత నుంచి స్విచ్చి వేసినప్పుడల్లా సేఫ్టీ వాల్వు నుంచి నీరు బొట్లు బొట్లుగా కారేది. కింద చెంబు పెట్టి చూస్తే ప్రతిసారీ అర లీటరుకు పైగా నిండేది, నీళ్ళు కాగగానే ఆగిపోయేది. వచ్చిన మెకానిక్ టాంకు పోయిందని, కొత్తది కొనుక్కోమని చెప్పి 300 రూపాయలు తీసుకుని వెళ్ళాడు. ఆ మాట మీద నమ్మకం కుదరక నేనే వాల్వు విప్పి, ఆ రంధ్రానికి ఇత్తడి డమ్మీ బిగించి మూసేశాను. ఇక ఎలిమెంటుకు పట్టిన సున్నం కూడా నేనే తీయాలనుకుంటున్నాను. తప్పేమైనా ఉందా?

జయపురం మెకానిక్:
మాస్టారూ, ముందు మీటరు పెట్టె దగ్గరి ఎం.సి.బి. (కరెంటు ఆపే స్విచ్చి) దించండి. ఆ డమ్మీ తీసి వాల్వు తిరిగి పెట్టేవరకు గీజరు వేయకండి. ఈ మధ్య చన్నీళ్ళ పైపులో, నీరు వెనక్కి పోకుండా ఆపే నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించారా?

బరంపురం రిటైర్డ్ ఉద్యోగి:
మెకానిక్ అన్నవాడు మొదట భయపెడతాడు, తరువాత బిల్లు చెబుతాడు. రెండేళ్ళ క్రితం మా ఇంట్లో కొత్త థర్మోస్టాట్ వేశానని డబ్బు తీసుకున్నారు. మొన్న మూత విప్పితే, పాతదాని మీద నేను పెన్నుతో పెట్టిన గుర్తు అలాగే ఉంది. అప్పటి నుంచి మా ఇంటి పనులన్నీ నేనే చేసుకుంటున్నాను. టీచరు గారు చేసింది సరైన పనే.

గుణుపురం గృహిణి:
మా గీజరు కొన్ననాటి నుంచీ అలాగే కారుతోంది. ఆ రంధ్రం మూయవద్దని కంపెనీ పుస్తకంలోనే రాసి ఉంది.

రాయగడ టీచరు:
ఆ నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించాను, సరిగ్గా దీపావళికే. అయినా నీళ్ళు కాగగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తోంది కదా, ఇక ప్రమాదం ఎక్కడిది?

జయపురం మెకానిక్:
మీ టాంకు పోలేదు, వాల్వూ పాడవలేదు. 25 డిగ్రీల నీరు 75 డిగ్రీలకు కాగితే 25 లీటర్లకు అర లీటరుకు పైగా పెరుగుతుంది, మీ చెంబులో పడినది ఆ నీరే. ఇదివరకు అది వచ్చిన దారినే మిద్దె మీది టాంకుకు వెళ్ళిపోయేది. నాన్‌రిటర్న్ వాల్వు ఆ దారిని మూసింది కనుక సేఫ్టీ వాల్వు గుండా బయటికి వచ్చింది. మీరు ఆ రెండో దారిని కూడా మూసేశారు. కుళాయి తిప్పకుండా గీజరు వేసిన ప్రతిసారీ, థర్మోస్టాట్ చక్కగా పనిచేస్తున్నా సరే, పెరిగిన నీరు టాంకు అతుకుల మీదనే ఒత్తుతుంది. ఇక ఏదో ఒకరోజు థర్మోస్టాట్ అతుక్కుపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్ కూడా పనిచేయకపోతే, ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. టాంకు పగిలిన క్షణంలో మాత్రం అందులో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే 1600 లీటర్లకు పైగా చోటు కావాలి. ఆ స్నానాలగదిలోకి మీ పిల్లలు వెళ్తారు, మాస్టారూ.

బరంపురం రిటైర్డ్ ఉద్యోగి:
అయితే నాన్‌రిటర్న్ వాల్వే తీసేయవచ్చు గదా. మళ్ళీ మెకానిక్ ఎందుకు?

జయపురం మెకానిక్:
తీసేస్తే, మిద్దె టాంకు ఖాళీ అయిన రోజున గీజరులోని నీరు వెనక్కి జారిపోయి ఎలిమెంటు పొడిగా కాలిపోవచ్చు. దాన్ని ఉంచి, సేఫ్టీ వాల్వుకు సన్నని గొట్టం తగిలించి మోరీలోకి వదిలితే చాలు. గొట్టం చివర మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి.

బరంపురం రిటైర్డ్ ఉద్యోగి:
నా థర్మోస్టాట్ సంగతికి మీరు జవాబు చెప్పలేదు.

జయపురం మెకానిక్:
అది నేను చేసిన పని కాదు. ఎవరో చేసిన మోసానికి నన్ను ఎన్నిసార్లు నిలదీస్తారు? సెమిలిగూడ చలిలో తెల్లవారుజామున బండి మీద వెళ్ళి, వదులైన ఎర్త్ తీగ ఒకటి బిగించి, ఆ ఇంటివాళ్ళకు షాకు తప్పించాను. “ఒక స్క్రూ తిప్పడానికి 400 రూపాయలా?” అని గుమ్మంలో నిలబెట్టి అడిగారు. ఏ స్క్రూ తిప్పాలో తెలుసుకోవడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. మీ దృష్టిలో చేతిపనికి విలువే లేదు, అసలు గొడవ అక్కడే ఉంది.

పర్లాకిమిడి వాసి:
ఎవరు విప్పినా సరే, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న ఇంట్లోనే విప్పండి. ఎర్త్ లేని గీజరు వల్ల మా నాన్నగారు చావు తప్పి బయటపడ్డారు.

రాయగడ టీచరు:
బాబూ, మీ పనికి విలువ లేదని నేను అనలేదు. నా బాధ వేరు. ఆ నాన్‌రిటర్న్ వాల్వు పెట్టిన మనిషి, దీనివల్ల నీరు కారుతుంది, కారడమే మంచిది అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను డమ్మీ జోలికి వెళ్ళేవాణ్ణి కాను. అడిగితే “మీకెందుకు సార్, మేము చూసుకుంటాం” అన్నాడు. మీరు ఇక్కడ రాసినట్లుగా మా ఇంటికి వచ్చిన ఇద్దరిలో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు? డబ్బు ఇచ్చాను, బేరం కూడా ఆడలేదు.

జయపురం మెకానిక్:
చెబితే మరుసటిసారి పిలవరన్న భయం మాలో చాలామందికి ఉంది. అది తప్పేనని ఒప్పుకుంటున్నాను. సున్నం మీరే తీసుకోండి: ఎం.సి.బి. దించి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, నీళ్ళన్నీ వంపేశాకే ఎలిమెంటు విప్పండి. తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు కొత్తది వేయండి. తీగలు కలపడం మాత్రం తెలిసినవాడి చేత చేయించండి.

రాయగడ టీచరు:
డమ్మీ తీసేశాను. వాల్వు పెట్టి, గొట్టం మోరీలోకి వదిలాను. ఈ పొద్దున అర లీటరు కారింది.

బరంపురం రిటైర్డ్ ఉద్యోగి:
తీసిన పాత సామాను ఇంటివాళ్ళ చేతికే ఇచ్చి, బిల్లులో ఏమి మార్చారో రాసే మెకానిక్ దొరికితే నేనూ పిలుస్తాను. బరంపురంలో అలాంటివారు ఎవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి.